మొదటి ఆకు

పదహారో రోజు పొద్దెక్కినా పుట్టింటి చీర రాలేదు. సరసమ్మకు అదే దిగులు. పుట్టింటివాళ్ళు చీర తెచ్చి భుజాన వేసి, ఆ ఇంట్లో తిని చేయి కడిగితేగానీ మొగుడు పోయిన ఆడది గడప దాటకూడదు. చూస్తే వరసగా రెండు వానలు పడ్డాయి. ఇంకో రెండు రోజులు ఆగితే కోతకొచ్చిన మూడెకరాల వేరుశనగ నేలలోనే మొలకెత్తుతుంది. ఇంట్లో మగదిక్కు లేదు. పోలీసుల భయానికి కూలికి వచ్చేవాళ్ళూ లేరు.

మొగుడు హనుమంతప్ప ధర్మపురి కాలేజీలో చదువు సగంలో వదిలి పార్టీలో చేరాడు. నాలుగేళ్ళలో హరూరు చుట్టుపక్కల దళానికి నాయకుడయ్యాడు. వడ్డీవ్యాపారుల ఇళ్ళలోంచి తాకట్టు పత్రాలు తెచ్చి కాల్చాడు. ఒకణ్ణి చంపించాడని కూడా చెప్పుకున్నారు. పందొమ్మిదివందల ఎనభై ఒకటి పురటాసి నెలలో, సెప్టెంబరు ఆఖర్న, చిత్తేరి కొండల కింద పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. శవాన్ని ఇంటికివ్వకుండా అక్కడి శ్మశానంలోనే దహనం చేయించారు.

సరసమ్మ అన్న వెంకటేశప్పకు పాపిరెడ్డిపట్టి బస్టాండులో టీకొట్టు. దళితులకు వేరే గ్లాసులు పెడుతున్నాడని హనుమంతప్ప పట్టపగలే వచ్చి, బావమరిది అని కూడా చూడకుండా వాటిని పగలగొట్టించాడు. అప్పటినుంచి రాకపోకలు లేవు.

పదకొండు గంటల బస్సుకు అన్న దిగాడు.

"చీర నేయించి తెచ్చినావా నాయనా, ఇంతసేపు పట్టింది?" అంది అత్త గోపమ్మ.

"వీధి మొగలో పోలీసాయన నా పేరు రాసుకున్నాడత్తా. తాత పేరు కూడా కావాలంట, రేపు నాకు పిండం పెట్టేది తానే అన్నట్టు."

చెల్లెలి భుజాన చీర వేసి ఏడ్చాడు. సరసమ్మ నట్టింట్లో రెండు అరిటాకులు పరిచింది. పెరటి గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడిన మాయాండిని పిలిచి మొదటి ఆకు చూపించింది. కొండ కింది ఊళ్ళో కాటికాపరి అతను. హనుమంతప్ప చితికి నిప్పు పెట్టింది అతనే. సరసమ్మ కబురు పెడితే వచ్చాడు.

"నాకు అరుగు మీద వేయండమ్మా," అన్నాడు మాయాండి.

వెంకటేశప్ప కూర్చోబోయినవాడు లేచాడు. "వీని పక్కన నేనా? చచ్చినాక కూడా నీ మొగుడు నా పరువు తీయాల్నా?"

అన్న తినకుండా పోతే చీర వచ్చినా రానట్టే. చేను పోయినట్టే. అయినా సరసమ్మ ఆకు జరపలేదు.

"నా మొగునికి కొరివి పెట్టేదానికి నువ్వు రాలేదన్నా. ఆ పొద్దు ఎవరు పెట్టినారో వాళ్ళకే మొదటాకు."

వెంకటేశప్ప గోపమ్మ వైపు చూశాడు. ఆవిడ మడి, ఆచారం ఊరంతా ఎరిగినవే. తన మాట నెగ్గుతుందనుకున్నాడు.

గోపమ్మ అన్నం గిన్నె దించలేదు. "నాకు మాత్రం ఇష్టమా నాయనా? కానీ కొరివి పెట్టినవాడు కూర్చోకుండా పదహారో రోజు పంక్తి ఎట్లా సాగుతుంది? శాస్త్రం కదా. మాయాండీ, కూర్చో. కాళ్ళు కడుక్కున్నావు గదా?"

"రెండుసార్లమ్మా."

మాయాండి కూర్చున్నాడు. చాలాసేపటికి వెంకటేశప్ప కూడా కూర్చున్నాడు. తన ఆకును జానెడు దూరం లాక్కున్నాడు. తల ఎత్తకుండా తిన్నాడు. మజ్జిగ వద్దన్నాడు. చేయి కడుక్కుని, చెప్పకుండానే బస్సుకు పోయాడు.

మాయాండి తన ఆకు మడిచి ఎత్తబోతే సరసమ్మ ఆపి, రెండు ఆకులూ తనే తీసింది. కొత్త చీర కట్టుకుంది. పార, గంప తీసుకుంది.

"ఈ పూటే పోవల్నా?" అంది గోపమ్మ.

"ఎండ కాస్తా ఉంది అత్తా. నేల గట్టిపడితే చెనక్కాయ ఊడిరాదు," అని గడప దాటింది.