మూడో మెట్టు

"ఈ పద్ధతిని హోటల్ గదిలో ఒంటరిగా కూర్చుని నేనే కనిపెట్టాను." భర్త చెప్పి వెళ్ళిన ఆ వాక్యం దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. అతని పుస్తకం టైపు చేయడం ఆమె పని. సలహా కోసం వచ్చే ఆటగాళ్ళని ముందుగదిలో కూర్చోబెట్టడం, మంచినీళ్ళివ్వడం, ఫోన్లెత్తడం కూడా ఆమె పనే. 'ఒంటరిగా' అన్న మాట తీసేసింది, మళ్ళీ పెట్టింది. లేచి కిటికీ తెరిచింది, మూసింది. పొద్దుట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు.

ఒంటరిగానట! పద్నాలుగేళ్ళు అతను ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. మ్యాచ్ ఉన్న ప్రతి పొద్దునా హోటల్ నుంచి ఫోన్ చేసేవాడు. "చేతులు వణుకుతున్నాయే, బ్యాట్ పట్టుకోలేను." ఇవతల ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, కూతురికి జడ వేస్తూ, ఏది తోస్తే అది అడిగేది. బాత్రూంలో ఎన్ని కుళాయిలున్నాయి? దుప్పటి ఏ రంగు? అతను చూసి, లెక్కపెట్టి చెప్పేవాడు. చెబుతుండగానే ఊపిరి కుదుటపడేది. సెంచరీ కొట్టిన రోజు మాత్రం కోచ్‌కీ, దేవుడికీ, బ్యాట్ కంపెనీకీ కృతజ్ఞతలు చెప్పాడు. "మావాడి గుండె రాయి" అని అత్తగారు మురిసిపోయింది.

ఆట మానేశాక స్పోర్ట్స్ సైకాలజీ చదివాడు. పాఠాలు బుర్రకెక్కక విసుక్కుంటే ఆమే చదివి విడమరిచి చెప్పింది. ఇప్పుడా కుళాయిలు అతని ప్రసిద్ధమైన 'ఏడు మెట్ల'లో మూడో మెట్టు. సభల్లో మాత్రం, "మా ఆవిడకి ఆఫ్ సైడేదో లెగ్ సైడేదో ఇప్పటికీ తెలీదు" అని అందర్నీ నవ్విస్తాడు. ఆమె కూడా నవ్వుతుంది. ఇంటికొచ్చాక ఒళ్ళు మండుతుంది.

ముందుగదిలో పందొమ్మిదేళ్ళ ఫాస్ట్ బౌలర్ కూర్చుని ఉంది. నెల్లాళ్ళుగా ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, బంతి వెయ్యకుండా ఆగిపోతోంది. ఎల్లుండి సెలెక్షన్లు. అతనేమో లోపలిగదిలో సాయంత్రపు ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

"సార్ చెప్పిన మెట్లు పనికొచ్చాయా?" అని అడిగింది ఆమె ముందుగదిలోకొచ్చి, ఊరికే.

"మూడో మెట్టు దగ్గరే ఆగిపోయానక్కా. డ్రెస్సింగ్ రూమ్‌లో కుళాయిలు లెక్కపెట్టమన్నారు. మాకసలు డ్రెస్సింగ్ రూమే లేదు. స్టోర్ రూమ్‌లో నెట్ల చాటున బట్టలు మార్చుకుంటాం."

ఆమె పకపకా నవ్వింది. అంతలోనే నవ్వాపి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పరుగు మొదలుపెట్టగానే ఏం వినిపిస్తుంది?"

"మా నాన్న గొంతు. ఈసారి సెలెక్ట్ కాకపోతే ఆట మానెయ్ అని."

"ఏ పక్కనుంచి?"

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. "ఎడమ పక్కనుంచి."

"మరి కుడిపక్క, మిడాన్‌లో ఎవరుంటారు?"

"మా కెప్టెన్. వెయ్యవే, వెయ్యవే అని అరుస్తూనే ఉంటుంది." చెబుతూ చెబుతూ బిగించిన పిడికిలి వదిలింది. తన చేతిని తనే వింతగా చూసుకుంది. "మీకు గాభరా పుడితే ఎవరడుగుతారక్కా, ఇలా?"

అతని పద్నాలుగేళ్ళ ఆటలో, ఆ తర్వాతి ఇన్నేళ్ళలో, ఆమె ఒక్క పేరు కోసం వెతుక్కుంది. ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఇంకో గంటలో రెండువందల మంది కోచ్‌ల ముందు మాట్లాడాల్సిన మనిషి, నుదుటి మీద చెమటతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ అమ్మాయిని కాసేపు ఆగమను. ఇలా రా" అన్నాడు గొంతు తగ్గించి. "ఏదో ఒకటి అడుగు, త్వరగా."

ఆమె లేవలేదు. "ఇవాళ నాకే గాభరాగా ఉందండీ. మీరడగండి."

అతను తెల్లబోయాడు. బౌలర్ వంక చూశాడు, గోడ వంక చూశాడు. నిజంగానే వెతుక్కున్నాడు పాపం. ఆమె ఎదురుచూసింది. ఏదడిగినా చెబుదామనే కూర్చుంది.

"నా నీలం కోటెక్కడ?" అన్నాడు చివరికి.

ఆమె ఆ పిల్ల వైపు తిరిగింది. "సెలెక్షన్లయ్యాక మంగళవారం పదింటికి రామ్మా. సార్ దగ్గరికి కాదు, నా దగ్గరికి."