కాదనలేని మాస్టారి కొబ్బరితోట

ఏలీయా మాస్టారికి ఎవరినీ కాదనడం చేతకాదు. అడిగినవాడికి గొడుగు, అడగనివాడికి అరటిగెల ఇచ్చి పంపే మనిషి. ఇలాంటివాడితో కాపురం నెట్టుకొస్తున్నందుకు తనకే ఏదో ఒక బిరుదు ఇవ్వాలని భార్య హన్నా అనుకునేది. అనుకుని, మళ్ళీ ఆయన చొక్కా తనే ఇస్త్రీ చేసేది.

ఈసారి అడిగింది గొడుగు కాదు, రాజోలు దగ్గర వాళ్ళకున్న అరెకరం కొబ్బరితోట. నూనె కంపెనీ కోసం ప్రభుత్వం దాన్ని తీసుకుంటుందని ప్రకటన వచ్చింది. ఆ తోటలోనే హన్నా మామగారు ఏసుపాదం కూలికి చెట్లెక్కి కాయలు దింపేవాడు. జన్మంతా దింపి, చివరికి ఆ తోటనే కొన్నాడు. తరతరాల్లో ఆ ఇంటికి సొంతభూమి అంటే అదే మొదటిది.

"రాజ్యాంగం మార్చినప్పుడు, ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదని సోషల్ పుస్తకంలో ఆ మాటని పిల్లల చేత మీరే కొట్టేయించేరు కదండీ. ఇప్పుడేం చెప్పుకుంటారు?" అంది హన్నా.

"ప్రాథమికం కాకుండా పోయింది గానీ హక్కే పోలేదు హన్నా. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని రాజ్యాంగంలో ఇంకా ఉంది. కంపెనీకి ఇవ్వాలంటే దానివల్ల జనానికి ఉపయోగం ఉందని తేలాలి," అన్నాడు మాస్టారు.

అభ్యంతరం రాసి పంపాడు కూడా. అంతవరకూ బాగానే ఉంది. విచారణకు ఆర్డీవో గారూ, కంపెనీ మేనేజరు సూర్యప్రకాశరావు గారూ తోటకే వస్తున్నారని తెలియగానే ఇద్దరినీ భోజనానికి పిలిచేశాడు.

హన్నాకి ఒళ్ళు మండిపోయింది. తోట లాక్కునేవాడికి బొమ్మిడాయి చేపల పులుసా? కానీ తోటకొచ్చినవాణ్ణి ఆకలితో పంపకూడదని మామగారు పెట్టిన ఆనవాయితీ. పళ్ళు నూరుకుంటూనే వండింది. అంత కోపంలోనూ పులుసు అద్భుతంగా కుదిరింది, అదొక ఖర్మ.

చెట్ల నీడన విస్తళ్ళు వేశారు.

"ఇక్కడ ఏం కడతారండి?" మేనేజరుకి మరో ముక్క వడ్డిస్తూ ఆప్యాయంగా అడిగాడు మాస్టారు.

"గెస్ట్ హౌసండి. మా డైరెక్టర్లు వస్తే దిగడానికి."

"చాలా మంచిదండి. మా పేటవాళ్ళు పెళ్ళిళ్ళకి వాడుకోవచ్చాండి?"

"అబ్బే, చుట్టూ ప్రహరీ కట్టేస్తామండి. బయటివాళ్ళని రానివ్వం."

"పోనీ మీ పనివాళ్ళు ఉంటారేమోనండి?"

"వాళ్ళకి ఇక్కడేం పనండి?" మేనేజరు హాయిగా నవ్వాడు.

ఆర్డీవో గారు తినడం ఆపారు. "ప్రజోపయోగం అని మీ దరఖాస్తులో రాసేరు కదండీ. అదెక్కడుందండి?"

మేనేజరు విస్తరిలోకి చూశాడు. అక్కడ పులుసు తప్ప ఏమీ లేదు. ఆర్డీవో గారు చెయ్యి కడుక్కొచ్చి, విన్నదంతా రాసుకుని, మేనేజరు చేత సంతకం చేయించి వెళ్ళారు.

"కావాలనే అడిగేరా?" అంది హన్నా, అందరూ వెళ్ళాక.

"నాకు కాదనడం రాదు కదా. అందుకని ఆయన చేతే చెప్పించేను."

నవ్వబోయి, హన్నా ఎంగిలి విస్తళ్ళకేసి చూసి ఆగింది. ఆయన విస్తరి వేసుకోనేలేదు. పొద్దుటి నుంచీ మెతుకు ముట్టకుండా, లోపల ఇంత భయం పెట్టుకుని, అందరికీ నవ్వుతూ వడ్డించాడు. వానాకాలానికల్లా ఆ ప్రకటన రద్దవుతుందని అప్పటికి ఇద్దరికీ తెలియదు.

"కూర్చోండి," అంది. మిగిలిన పులుసు అన్నంలో కలిపి, పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి, ఆయనకి తన చేత్తో ముద్దలు పెట్టింది.