అక్క చేతి మీది గేట్లు

మా అక్క పందొమ్మిదేళ్లు షికారు పడవలో వంట చేసింది. నదిలోంచి కాలువలోకి, కాలువలోంచి ఇంకో నదిలోకి, నాలుగు రోజుల ప్రయాణం. ఆ దారంతా ఆమెకు కొట్టినపిండి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మోకాళ్లు అరిగిపోయి ఆమె ఈమధ్యే పని మానేసింది. ఈ ఏడాది దాటితే మెట్లెక్కడం కుదరదని డాక్టరు చెప్పేశాడు. పడవ పై అంతస్తుకి ఇనప మెట్లు పదకొండు. అందుకే ఒక్కసారి ఆమెను టికెట్టుతో పైన కూర్చోబెట్టి తిప్పాలని పంతం పట్టాను. ఇంట్లో బల్ల మీద మ్యాపు పరిచి, ఎక్కడ ఆగుదాం, ఏం చూద్దాం అని అడిగాను.

ఆమె మ్యాపు వంక చూసి నవ్వింది. "ఒడ్డున ఏముందో నాకేం తెలుసురా? కింద వంటగదికి కిటికీ ఏదీ?"

మరి ఎక్కడున్నావో ఎలా తెలుస్తుందంటే చొక్కా చెయ్యి పైకి మడిచింది. కాలువ నీళ్లు అంతటా ఒకే మట్టంలో ఉండవు. పడవను రెండు గేట్ల మధ్య ఆపి, నీళ్లు నింపి పైకి లేపుతారు, వదిలి కిందికి దించుతారు. ఆ రెండూ కలిసిన చోటుని ఒక గేటు అనే లెక్కేస్తారు. ఆ కుదుపుకి పొయ్యి మీద నూనె తొణుకుతుంది. ముంజేతి మీద మచ్చ చూపించి "ఇది మూడో గేటు" అంది. మోచేతి దగ్గరిది ఏడోదట. అక్కడ రెండుసార్లు ఊగుతుందట.

నాకు ఒళ్లు మండిపోయింది. గేటు అందం చూస్తూ వేడివేడిగా భోంచేయండి అని పడవల కంపెనీ ప్రచార కాగితాల్లో అచ్చేసుకుంది. అంటే సరిగ్గా గేటు దగ్గరే పొయ్యి మండాలి. వాళ్ల కంటికి విందు, మా అక్క చేతికి వాత.

మర్నాడు టికెట్ల ఆఫీసుకి వెళ్లాం. గుమస్తా అక్కకి కుర్చీ కూడా చూపించలేదు. పనివాళ్లు పైన కూర్చుంటే అతిథులకు ఇబ్బంది అన్నాడు. టికెట్టు కొంటామయ్యా అంటే, సంగతి అది కాదన్నాడు. చివరికి దయ తలిచాడు. శనివారం ఆఖరిసారి వంటకి రావాలట, గిన్నెలు తోమాక ఓ అరగంట పైకి పంపిస్తాడట. పైగా కొత్త వంటవాడికి కిటుకులన్నీ చెప్పి పొమ్మన్నాడు.

బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాను. ఒక్క ముక్క చెప్పకక్కా, కాలితే కాలనీ అని అరిచాను.

అక్క నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "కాలేది ఈయన చెయ్యి కాదురా. ఆ వంటాయనది."

శనివారం రానని గుమస్తాకి చెప్పేసింది. నేరుగా పడవ వంటగదిలోకి దిగి, కొత్తాయన చూస్తుండగా గోడ మీద సుద్దముక్కతో రాసింది. గేటు రాకముందే పొయ్యి ఆర్పాలి. పడవ దాటి నిలకడయ్యాకే వెలిగించాలి. సాయంత్రానికి కంపెనీవే మిగతా ఆరు పడవల వంటవాళ్లూ వచ్చి చదివారు. ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. పోయి తమ గోడల మీదా అదే రాసుకున్నారు.

నేను కాలువ పూడిక తీసే జట్టులో పనిచేస్తాను. శనివారం మేం ఆ జట్టు పడవలో బయల్దేరాం. బురద మోసే పడవ, మెట్లే లేవు. మధ్యలో కుర్చీ తాళ్లతో బిగించి అక్కని కూర్చోబెట్టాం. మూడో గేటులో షికారు పడవ మా పక్కకే వచ్చి ఆగింది. పైనవాళ్లు ఖాళీ పళ్లేల ముందు కూర్చుని కంపెనీని దులిపేస్తున్నారు. కింది పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు.

నీళ్లు వదిలారు. పడవ ఊగింది. అక్క చెయ్యి దానంతటదే లేచింది, లేని గిన్నెను పట్టుకోవడానికి.

తర్వాత ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, తలెత్తి ఒడ్డు చూసింది. తుప్పు పైపులు, ఆరేసిన బట్టలు, గోక్కుంటున్న ఓ కుక్క.

"ఇదేనా మూడో గేటు?" అంది. "దీనికోసమా నన్ను కాల్చారు?"