బొట్టు పెట్టిన బండి

జగదీశ్వరరావు మంచివాడే. కాకపోతే చేతికి స్క్రూడ్రైవరు దొరికితే ఊరుకోలేడు. బర్మాలో, యాంగోన్ నగరం చౌక్తడా పేటలో ఒక వకీలు ఆఫీసులో ముప్ఫయ్యేళ్లు టైపు కొట్టి కొట్టి, చివరికి జపాను నుంచి దిగిన సెకండ్‌హాండ్ కారొకటి కొన్నాడు. స్టార్టు చేయగానే అది ఆడగొంతుతో జపాను భాషలో ఏదో అంటుంది. ఏమంటుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన భార్య హైమ మాత్రం రోజూ, "వస్తన్నాం తల్లీ" అని బదులు చెబుతుంది.

ఆ ఏడు అహ్లోన్ పేట తెలుగువాళ్ల అమ్మవారి ఊరేగింపుకి చీటీలు తీస్తే ఆయన పేరొచ్చింది. అమ్మవారి పటం ఆయన కారెక్కి ఊరేగాలన్నమాట. జగదీశ్వరరావు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు, సంతోషం అలాంటిది. పదకొండేళ్లుగా పటం ఎక్కింది హైమ అన్నగారు బంగారురాజు ట్రక్కు మీదే. బంగారురాజుకి సొంత మెకానిక్ షెడ్డు ఉంది. అయినా నిరుడు ఆ ట్రక్కు నడివీధిలో మొరాయిస్తే, భక్తులు చెమటలు కక్కుతూ గుడిదాకా తోశారు. అందుకే ఈ ఏడు కమిటీ పెద్ద అప్పయ్య చీటీలు వేయించి, ఒక రూలూ పెట్టాడు: డాష్‌బోర్డు మీద వార్నింగు లైటు వెలిగే బండికి ఊరేగింపులో చోటు లేదు. పరీక్ష చేసే పని మాత్రం మళ్లీ బంగారురాజుకే అప్పగించాడు. దొంగచేతికి తాళాలంటే ఇదే.

చీటీ వచ్చిన మర్నాటి నుంచి హైమ కారుకి పూజ మొదలుపెట్టింది. అమ్మవారి వాహనం కదా! తెల్లారగానే ముందువైపు కంపెనీ గుర్తుకి దట్టంగా పసుపు రాసి, కుంకుమ దిద్ది, చేమంతి దండ వేసేది. ఆ మొదటిరోజే ఆఫీసుకి వెళ్లే దారిలో డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ లైటొకటి వెలిగింది.

"షెడ్డుకి అట్రా బావా, నేను సూసీస్తాను" అన్నాడు బంగారురాజు, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

ఆ నవ్వు చూశాక జగదీశ్వరరావు ఆ షెడ్డు మెట్టు ఎక్కుతాడా? ఫోన్లో వెతికి, షోరూముల్లో వాడే సాఫ్ట్‌వేరే చవగ్గా అమ్మేవాణ్ణి పట్టుకుని, కేబులూ డిస్కూ తెప్పించాడు. కేబులు ఒక కొస కారు స్టీరింగు కింద, ఇంకో కొస లాప్‌టాప్‌లో గుచ్చితే చాలు, బండి తన రోగం తనే చెప్పుకుంటుంది.

లాప్‌టాప్‌కే అసలు రోగం. దాని బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది, కరెంటు ఉంటేనే బతుకుతుంది. యాంగోన్‌లో కరెంటు వంతులవారీగా వస్తుంది. వాళ్ల వీధిలో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వేలాడుతూ ఉంటుంది, పైకొసన గంట, కిందికొసన క్లిప్పు. పేపరూ కూరలూ దానిమీదే మేడ ఎక్కుతాయి. ఇప్పుడు మూడో అంతస్తులోని వాళ్లింటి నుంచి ఆ తాడు వెంట ఎక్స్‌టెన్షన్ వైరు కూడా దిగింది.

"కరెంటు వచ్చిందేటి?" అని కింద గంట లాగేవాడాయన.

"వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది!" అని పైనుంచి హైమ.

మొదటిరోజు 'టెస్ట్' అన్న బటన్ నొక్కాడు. అద్దాలన్నీ దిగిపోయాయి. వైపర్లు ఊగాయి. హారన్ మొదలెట్టి ఇక ఆగలేదు. మొహింగా అనే చేపల పులుసు సేమ్యా బండి దగ్గర తింటున్నవాళ్లు గిన్నెలతో సహా లేచి నిలబడ్డారు. పై అంతస్తు ముసలావిడ ఏదో ముంచుకొచ్చిందనుకుని నగల డబ్బా తాడుకి కట్టి కిందికి దించేసింది. కరెంటు పోయాకే హారన్ ఆగింది. ఇంకెవరైనా అయితే ఆ కేబులుని నదిలో పారేసేవారు. ఆయన మాత్రం, "సూసినారా, బండి మొత్తం నా సేతిలో ఉంది" అన్నాడు.

మర్నాడు తెర మీద ఎర్రక్షరాల్లో ఒకే ఒక్క వరుస వచ్చింది. ముందు రాడారుకి చూపు అడ్డం అని దాని భావం. ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు టైపు కొట్టినవాడికి అది అర్థం కాకపోలేదు. అర్థమయ్యే కొట్టిపారేశాడు.

"రాడారు ఇమానాలకి ఉంటాది. మన కారుకేటి? ఇది పెద్ద బళ్ల సాఫ్ట్‌వేరు కదా, గొప్పలు పోతంది" అని చెరిపే బటన్ నొక్కాడు. లైటు ఆరిపోయింది.

జగదీశ్వరరావు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. హైమ సంతోషం పట్టలేక పూజ పళ్లెంతో దిగొచ్చి, పసుపు ఇంకాస్త దట్టంగా మెత్తింది. వీధి మలుపు తిరిగేసరికి లైటు మళ్లీ వెలిగింది.

నాలుగు రోజులు ఇదే తంతు. ఆయన చెరపడం, ఆవిడ పూజ చేయడం, లైటు వెలగడం. చివరికి ఆయనకి ఒకటే అనుమానం మిగిలింది. "మీ అన్న దిష్టే ఇది!" అని హైమ మీద ఎగిరి, తనే నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి ముందు కట్టాడు. ఈసారి లైటు మలుపుదాకా కూడా ఆగలేదు.

శనివారం వచ్చింది. ఊరేగింపు మర్నాడే. హైమ తెల్లవారకుండానే గుడిలో వంటకి వెళ్లిపోయింది, పూజ లేదు. పాత దండా నిమ్మకాయలూ రాత్రి వానకి ఊడి కాలవలో పడ్డాయి. జగదీశ్వరరావు లైటు చెరిపి, చుట్టాల్ని పిలవడానికి నది మీద వంతెన దాటి తన్లిన్ ఊరు వెళ్లి వచ్చాడు. పోయేటప్పుడు లైటు లేదు. వచ్చేటప్పుడూ లేదు.

ఆనందంతో దిగి, బండి ముఖాన్ని ముద్దుగా నిమిరాడు. వాన కడిగిన కంపెనీ గుర్తు తళతళలాడుతోంది. నిమిరే చెయ్యి అక్కడే ఆగిపోయింది. పరుగున లాప్‌టాప్ తెచ్చి, వైరుకి తగిలించి, తాను ఎగతాళి చేసిన ఆ వరుస తాలూకు బొమ్మ తెరిచాడు. రాడారు ఉంది. ఆ గుర్తు వెనకాలే ఉంది. ముందు ఎవరైనా అడ్డొస్తే చూసి తనంతట తాను బ్రేకు వేసే కన్ను అది. వారం రోజులుగా ఆ కంట్లో ఇంటిల్లిపాదీ పసుపు కొడుతున్నారు.

రోగం దొరికింది. ఇక హైమకి చెప్పాలి. దానికంటే హారన్ విప్పడం తేలిక.

"రేపు అమ్మవారే పైకెక్కుతాది కదా, ముందు బొట్టెందుకే?" అని మెల్లగా కదిపాడు సాయంత్రం.

హైమ ఇట్టే పసిగట్టింది. "నా పసుపు మీ కంప్యూటరుకి పడలేదేటండీ?"

ఆయన తల దించుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. పసుపు డబ్బా మూతపెట్టి లోపలికి వెళ్లింది. ఆ మూత చప్పుడుకి జగదీశ్వరరావుకి నిజంగానే మనసు చివుక్కుమంది.

ఆదివారం ఉదయం బంగారురాజు వచ్చి డాష్‌బోర్డు చూశాడు, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. లైటు లేదు. చేసేదిలేక పక్క సీట్లో కూర్చున్నాడు. కారు పైన పీట కట్టి పటం పెట్టారు, చెరోవైపు ఇద్దరు పట్టుకున్నారు. హైమ పళ్లెంతో పక్కనే నడుస్తోంది, బొట్టులేని బండి ముఖం వంక చూడకుండా. డప్పులు మోగాయి. ఘటాలెత్తిన ఆడవాళ్లు కారుకి ఎదురు తిరిగి, వెనక్కి అడుగులేస్తూ చిందు తొక్కారు. అది వాళ్ల తాతలనాటి పద్ధతి, అమ్మవారికి వీపు చూపించకూడదు.

కారు పది గజాలు కదిలింది. ఎదురుగా మనుషుల్ని చూసింది. జపాను భాషలో కెవ్వుమని బ్రేకు వేసింది. పైన పటం ముందుకి తూలింది, పట్టుకున్నవాళ్లు అమ్మో అన్నారు. మళ్లీ కదిపాడు, మళ్లీ కెవ్వు, మళ్లీ బ్రేకు. మూడోసారికి పటం ముందున్న కొబ్బరికాయ దొర్లి అప్పయ్య కాలిమీద పడింది.

"పటం పడిపోతే ఎవుడిదయ్యా పూచీ?" అని అరిచాడు అప్పయ్య కుంటుతూ.

"నా ట్రక్కు వీధి సివర్నే ఉంది బావా" అన్నాడు బంగారురాజు తియ్యగా. అంటే, ముందే తెచ్చి పెట్టుకున్నాడు.

జగదీశ్వరరావు కిటికీలోంచి తల బయట పెట్టాడు. లాప్‌టాప్‌తో ఆ బ్రేకు ఆపొచ్చేమో! గొంతు చించుకుని, "కరెంటుందేటి?" అని అరిచాడు. వీధంతా ఒక్క గొంతుతో లేదంది.

అప్పుడు ఆయనకి తోచింది. కారు దిగి, నేరుగా హైమ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"పసుపు పుయ్యే" అన్నాడు. "మొన్నటికంటే దట్టంగా పుయ్యి."

హైమ ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. పళ్లెంలో పసుపంతా పిడికిట ఎత్తి బండి ముఖాన మెత్తింది, అరచేతంత బొట్టు పెట్టింది, మీద మూడు పేటల దండ వేసింది.

డాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా లైటు వెలిగింది. కారు కన్నూ నోరూ మూసుకుని, చిందు తొక్కేవాళ్ల వెనకాల ఆవుదూడలా నడిచింది.

"బావా! లైటు! లైటెలిగింది!" అని సీట్లో ఎగిరిపడ్డాడు బంగారురాజు.

జగదీశ్వరరావు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"అమ్మవారి ముందు దీపం ఉండాలి గదా బావా" అన్నాడు. "దండం ఎట్టుకో."