కెగెన్ దారి

"తేమిర్‌గాడి చలికోటు కూడా పెట్టు. బూట్లు కూడా" అంది అత్తయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

నేను బౌర్సాకులు వేయిస్తున్నాను. మూకుట్లో పిండి ముక్కలు ఉబ్బి పైకి తేలుతున్నాయి, తీసి జల్లెడలో వేస్తున్నాను. మే నెల సెలవులు, మూడు రోజుల ప్రయాణం. మా ఆల్మటీలో పిల్లలు అప్పటికే పొట్టిచేతుల చొక్కాల్లో తిరుగుతున్నారు. మూడు రోజులకి అంత బరువెందుకు అత్తయ్యా అన్నాను. "కొండల మీద చలి నీకేం తెలుసు, పట్నంలో పెరిగినదానివి. వాడి బట్టలు వేరే సంచిలో సర్దు, మన వాటితో కలపకు" అంది.

సర్దాను. అప్పటికి నా చేతులకి ఆలోచించే తీరిక లేదు. మాంసం ఉడికించాలి, గుడ్లు ఉడికించాలి, పెద్ద ఫ్లాస్కుల్లో టీ పోయాలి, పాలు విడిగా పట్టుకెళ్ళాలి, అత్తయ్య రక్తపోటు మాత్రలు, నా రెండేళ్ళ కొడుకు తేమిర్ గిన్నె, కింద పరిచే దుప్పటి, దాని మీద పరిచే గుడ్డ. నేను పనిచేసే మందుల షాపులో నా బదులు నిలబడే అమ్మాయికి వచ్చే ఆదివారం నేను నిలబడతానని మాటిచ్చి వచ్చాను. మా ఆయన దౌలెత్ లేచి, టీ తాగి, కిందికి వెళ్ళి కారు కడిగాడు. వాకిట్లో అందరూ చూశారు. తర్వాత ఫోన్లో ఎవరితోనో, "అమ్మని, పిల్లల్ని తిప్పి తీసుకొస్తున్నాను, ఏర్పాట్లన్నీ నేనే చూసుకోవాలి కదా మరి" అంటున్నాడు. అబద్ధం చెబుతున్నానని ఆయన అనుకోడు. ఆయన కళ్ళకి కారు కనిపిస్తుంది, జల్లెడ కనిపించదు.

ముందు సీట్లో అత్తయ్య. వెనక కిటికీ పక్కన ఇంజు, ఆ పక్కన తేమిర్ చిన్న కుర్చీ. అన్నిటికన్నా వెనక, సంచుల మధ్య నేను.

ఇంజు నా కూతురు. పదకొండేళ్ళది. నన్ను వదినా అని పిలుస్తుంది.

మా కజకుల్లో చాలా ఇళ్ళలో మొదటి బిడ్డ అత్తమామల బిడ్డ. నలభై రోజులు నిండాక ఊయల మా గదిలోంచి అత్తయ్య గదిలోకి వెళ్ళింది. ఎవరూ నన్ను అడగలేదు, ఎవరూ నా మీద అరవలేదు. అప్పుడు మామయ్య కూడా ఉన్నారు, ఆయన సంతోషంతో గొర్రెను కోయించారు. మా అమ్మ కూడా, "నీ అదృష్టం, నీకు నిద్ర చెడదు" అంది. పిల్లకి ఆకలేసినప్పుడల్లా అత్తయ్య తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టేది, తాగడం అయ్యాక మూతి తుడిచి తీసుకెళ్ళేది. పక్కింటికి గిన్నె ఇచ్చి, మళ్ళీ తెచ్చుకున్నట్టు. ఇంజు అత్తయ్యని అమ్మా అంటుంది, కన్న తండ్రిని అన్నయ్యా అంటుంది. బడిలో సమావేశానికి అత్తయ్యకి ఒంట్లో బాగోక ఒకసారి నేను వెళితే, టీచరు నన్ను పైకీ కిందికీ చూసి, "మీరు ఇంజు వదిన గారా, పోలికలు భలే కలిశాయే" అంది. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంజుకి అంతా తెలుసు, మాలో ఇది దాచేది కాదు. కాని తెలిసినదాన్ని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

చారిన్ లోయ దగ్గర ఆగినప్పుడు ఎండ చురుక్కుమంటోంది. ఎర్రటి రాళ్ళు కోట బురుజుల్లా లోయ పొడుగునా నిలబడి ఉన్నాయి. అందరూ అంచున కమ్మీ దగ్గర వరసగా నిలబడ్డారు. ఫోను నా చేతికిచ్చారు. ఇంజు, "వదిన కూడా రావాలి, అన్నయ్యా, ఎవరినైనా అడిగి తీయించు" అంది. "వదిన వస్తే టీ ఎవరు పోస్తారు" అంది అత్తయ్య నవ్వుతూ. దౌలెత్ నవ్వాడు. నేను ఫోటోలు తీశాను. వాళ్ళు లోయలోకి మెట్లు దిగారు. మోకాళ్ళ నొప్పుల వల్ల అత్తయ్య దిగలేదు, నేను ఆవిడ కోసం దిగలేదు.

దుప్పటి పరిచి టీ పోస్తుంటే ఆవిడ ఫోను తీసింది. ఫోన్లో ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది, పక్క లోయలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా. అవతల మా తోడికోడలు బక్తిగుల్. కొండల మీద కెగెన్ అనే ఊళ్ళో ఉంటుంది, అత్తయ్య పెద్ద కొడుకు భార్య. ఆ పెద్ద కొడుకు, మా బావగారు, అక్కడే తాత నాయనమ్మల దగ్గర పెరిగి, వాళ్ళ గొర్రెల్నీ వాళ్ళ ఇంటినీ చూసుకుంటూ ఉండిపోయాడు. వాళ్ళకి పిల్లల్లేరు.

"రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాం. పొద్దున్నే గొర్రెను కోయించు" అంటోంది అత్తయ్య. "పెద్దవాళ్ళని ఎంతమందిని పిలిచావు? చాలు. పిక్క ఎముక మాత్రం ఎవరి పళ్ళెంలోనూ వేయకు. మడమ దగ్గర ఊడకుండా తీసి పక్కన పెట్టు."

నా చేతిలో టీ పాత్ర ఉంది. అది ఒలకలేదు. పన్నెండేళ్ళుగా ఎవరేమన్నా ఒలకకుండా పోయడం నేర్చుకున్నాను.

దత్తత తీసుకునే బిడ్డ చేతికే ఆ ఎముకనిస్తారు. ఊరి పెద్దల ముందు, బిడ్డ దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాక ఇక ఆ ఇంటి బిడ్డే. కాదనడానికి ఎవరికీ నోరుండదు. ఇంకెవరి పిల్లలు ఉన్నారు ఈ ప్రయాణంలో? మార్చిలో అత్తయ్య, "రెండేళ్ళవాడికి ఇంకా పాలేంటి, మాన్పించు" అని పట్టుబట్టింది. నేను రొమ్ముకి చేదు మందు రాసుకుని మాన్పించాను, వాడు నాలుగు రోజులు గుక్కపట్టి ఏడ్చాడు. చలికోటు, బూట్లు, వేరే సంచి. అన్నీ నా చేతులతోనే చేశాను. నా చేతే నా పిల్లాణ్ణి మూట కట్టించారు.

ఆ సాయంత్రం సాతీ అనే పల్లెలో, మేము దిగిన ఇంటి ముందు, దౌలెత్ కారు చక్రానికి గాలి కొడుతుంటే వెళ్ళి అడిగాను. ఆయన పంపు ఆపలేదు.

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు" అన్నాడు.

"గొర్రెను కోస్తున్నారట."

"అమ్మ అనుకుంది. అన్న ఎన్నాళ్ళనుంచో బాధపడుతున్నాడు. వాడికి యాభై దగ్గరపడుతోంది. ఏదో పరాయివాళ్ళకి ఇస్తున్నట్టు మాట్లాడతావేంటి. మన రక్తమే, మన ఇల్లే. నెలకోసారి చూసొద్దువు గాని."

"నాకెప్పుడు చెబుదామనుకున్నారు?"

అప్పుడు ఆపాడు. "చెబితే నువ్వు ఇలాగే చేస్తావని అమ్మ అంది. అయినా నీకేం వయసు మీరిపోయిందా, ఇంకొకరు పుడతారు."

అది ఓదార్పు అనుకునే అన్నాడు. ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. అందుకే మా వాళ్ళంతా దౌలెత్ మంచివాడంటారు. నిజమే, ఆయన ఎవరికీ కాదని చెప్పలేడు, కాని ఆయన కాదనలేనివాళ్ళలో నేనెప్పుడూ లేను.

మర్నాడు పొద్దున కోల్సాయ్ సరస్సుకి వెళ్ళాం. నీళ్ళ మీద గాలి లేదు, చుట్టూ నల్లటి దేవదారులు, నీడలో ఇంకా కరగని మంచు. దౌలెత్ తేమిర్‌ని భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డు వెంట పరుగెత్తుతున్నాడు, వాడు కిచకిచ నవ్వుతున్నాడు. మామూలుగా ఆయన వాణ్ణి ఎత్తుకోడు. ఆ పొద్దున అందరూ వాడికి అడిగిందల్లా ఇచ్చారు. గుర్రమెక్కించారు, ఎర్ర మిఠాయి కొన్నారు, అత్తయ్య తన తలకట్టు అంచుతో వాడి ముక్కు తుడిచి ముద్దు పెట్టుకుంది. నేను గిన్నెలు నీళ్ళలో కడుగుతూ చూస్తున్నాను. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. పారిపోవాలా, అరవాలా, ఏడవాలా అని ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఏది చేసినా సాయంత్రానికల్లా కోడలికి మతి చలించిందంటారు, ఎముక వాడి గుప్పిట్లోనే ఉంటుంది.

ఇంజు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. ఒక గిన్నె తీసుకుని తనూ కడగసాగింది. తర్వాత, నా వైపు చూడకుండా అడిగింది.

"వదినా, నన్ను ఇచ్చేటప్పుడు కూడా ఇలాగే ఊళ్ళు తిప్పారా?"

నా వేళ్ళకి స్పర్శ లేదు. గిన్నె రాయి మీద పెట్టాను.

"లేదు" అన్నాను. "పక్క గదిలోకే కదా. తిప్పడానికేం లేదు."

"నువ్వు ఏడ్చావా?"

"ఏడ్చాను."

"అమ్మ అంటుంది, నువ్వు ఏడవలేదని. నిద్రపోయావంట, బాగా."

పదకొండేళ్ళ నుంచి ఈ పిల్ల ఏం మోసుకుని తిరుగుతోందో అప్పుడు తెలిసింది నాకు. కన్నతల్లి తనని ఇచ్చేసి హాయిగా నిద్రపోయిందని. ఇంకొన్నేళ్ళకి తేమిర్‌కీ కెగెన్‌లో ఎవరో ఇలాగే చెబుతారు. మీ అమ్మ బూట్లు, కోటు తనే సర్ది తెచ్చిందిరా అంటారు. అందులో అబద్ధం కూడా ఉండదు.

గిన్నెలు అక్కడే వదిలేసి పైకి వచ్చాను. అత్తయ్య దుప్పటి మీద కూర్చుని ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ ముందు మోకాళ్ళు ఆన్చి కాకుండా, సమానంగా కూర్చోవడం అదే మొదటిసారి.

"అత్తయ్యా, నేను కెగెన్‌కి రాను. తేమిర్ కూడా రాడు."

దౌలెత్ పిల్లాడితో అప్పుడే వచ్చాడు. "ఏం మాట్లాడుతున్నావు. పదిమందిని పిలిచారక్కడ. ఈపాటికి మాంసం పొయ్యి మీద ఉంటుంది. నా ముఖం ఎక్కడ పెట్టుకోను" అన్నాడు. నేను వాణ్ణి ఆయన భుజం మీదనుంచి దించి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఆయన చేతులు కాసేపు అలాగే గాలిలో ఉన్నాయి.

అత్తయ్య కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. టీ గిన్నెను రెండు చేతులతో తిప్పుతూ కూర్చుంది.

"నన్నూ ఎవరూ అడగలేదే షోల్పాన్" అంది. నా పేరు పెట్టి ఎప్పుడో గాని పిలవదు. "మా అత్త తీసుకుంది పెద్దాణ్ణి. తర్వాత మేము పట్నం వచ్చేశాం, వాడు అక్కడే ఉండిపోయాడు. చలికాలాల్లో గొర్రెల వెనక తిరిగి తిరిగి వాడి చెవులు చూశావా ఎలా అయిపోయాయో. దౌలెత్‌ని చదివించాను. వాణ్ణి చదివించలేదు, వాడు నా లెక్కలో లేడు కదా. ఇప్పటికీ నన్ను వదినా అనే పిలుస్తాడు. ఇంత వయసొచ్చాక వాడికి నా చేత్తో ఒక్కటన్నా ఇవ్వాలనుకున్నాను. అది తప్పా?"

దౌలెత్ సరస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. ఈ మాట ఆయన కూడా మొదటిసారి వింటున్నాడేమో.

జాలి వేసింది. ఆ జాలే ప్రమాదమని కూడా తెలుసు. ఇన్నాళ్ళూ నేను జాలిపడిన ప్రతిసారీ నా దగ్గర్నుంచి ఏదో ఒకటి వెళ్ళిపోయింది. తేమిర్ నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతున్నాడు.

"తప్పు కాదత్తయ్యా. మీరు బావగారికి ఇవ్వాల్సింది ఉంది" అన్నాను. "వెళ్ళి ఆయన్ని కొడుకా అని పిలవండి, అందరి ముందు. అది మీ దగ్గరుంది. నా పిల్లాడు మీ దగ్గర లేడు."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. గిన్నెలో మిగిలిన టీ గడ్డి మీద పారబోసి, లేవడానికి చెయ్యి చాపింది. ఎప్పటిలాగే నా వైపు కాదు, ఇంజు వైపు.

కారెక్కి బయల్దేరాం. కెగెన్‌కి, ఆల్మటీకి దారులు చీలే చోట ఒక టీ కొట్టు ఉంది, పట్నం వెళ్ళే వ్యాన్లు ఆగుతాయి. అక్కడ ఆపమన్నాను. ఆపకపోతే ఏం చేయాలో ఆలోచించుకోలేదు. కాని దౌలెత్ ఆపాడు. దిగి, వెనక తలుపు తెరిచి, తేమిర్ సంచి తీసి నా చేతికిచ్చాడు. "అమ్మని దింపేసి రాత్రికి వచ్చేస్తాను" అన్నాడు. అది మాటివ్వడమో, అడగడమో తెలియలేదు. నేను తల ఊపలేదు.

ఇంజు కూడా దిగింది. ఒక చెయ్యి కారు తలుపు మీదే ఉంది.

"నువ్వూ రా" అన్నాను.

తను వెనక్కి తిరిగి ముందు సీట్లోకి చూసింది. అత్తయ్య తలకట్టు సర్దుకుంటోంది, ముడి కుదరక మళ్ళీ విప్పింది.

"అమ్మ ఒక్కతే ఎలా వెళుతుంది అక్కడికి, అందరి ముందుకి" అంది ఇంజు. "నేను తనతో వెళతాను వదినా. నువ్వు వీణ్ణి తీసుకెళ్ళు."

తనని ఎవరూ పంపడం లేదు, తను వెళుతోంది. నాకు ఆ తేడా తెలుసు. తన జుట్టు చెవి వెనక్కి సర్దాను. అది కూడా ఎప్పుడూ అత్తయ్య చేసే పనే.

"వెళ్ళు" అన్నాను. "కాని తిరిగొచ్చాక నన్ను వదినా అని పిలవకు."

"మరేమని పిలవాలి?"

ఆల్మటీ వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు ఎంతమంది అని అరిచాడు.

"ఇద్దరం" అని అతనికి చెప్పి, ఇంజు వైపు తిరిగాను. "తొందరేం లేదు. ఆలోచించుకుని రా."