మండని పుండు

హజరత్తయ్య ఉప్పుమడిలో దిగి, పేరిన ఉప్పును పలకకర్రతో గట్టువైపు లాగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఉప్పునీళ్ళలో నాని నాని ఆయన కాళ్ళు ఎండుచేపల్లా బిరుసెక్కాయి, అరికాళ్ళ నిండా పగుళ్ళు.

నాలుగు రోజుల కిందట ఎడమ చీలమండ మీద కండచీమ కుట్టింది. గోకాడు, పుండైంది. ఉప్పుమడుల వాళ్ళకు డాక్టరూ మందూ ఆ నీళ్ళే. మండుతుంటే పుండు పచ్చిగా ఉన్నట్టు, మంట ఆగితే మానినట్టు. తాతల నాటి ఈ లెక్కను ఎవరూ తప్పుపట్టలేదు. ఆ పొద్దున మడిలో దిగితే కాలు చురుక్కుమనలేదు. ఒళ్ళు మాత్రం వణుకుతోంది.

"మండటం ల్యేదుమే. మానిపొయింది," అన్నాడు గంజి తెచ్చిన భార్య నాగులమ్మతో.

ఆమె నుదురు తాకి చూసింది, కాలిపోతోంది. వెంటనే వెళ్ళి, పల్లెలో ఎవరికో కాన్పు చేయడానికొచ్చిన నర్సు రెబెక్కమ్మను గట్టు మీదికి లాక్కొచ్చింది.

రెబెక్కమ్మ వంగి చూసింది. పుండు చుట్టూ నల్లబడి ఉబ్బింది. అక్కణ్ణుంచి ఎర్రటి చార ఒకటి పిక్క మీదుగా తొడదాకా పాకింది.

"గజ్జల్లో బిళ్ళ కట్టిందా అన్నా?"

"నిన్నట్నించి ఉండాదమ్మా."

"చార పైకి పాకి, చలిజొరం వస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. మండలేదంటే మానినట్టు కాదన్నా, ఆడ కండ చచ్చిపొయింది. సున్నం గిన్నం పెట్టబాక. ఇప్పుడే బండి కట్టించుకోని కావలి ఆసుపత్రికి పో. పెన్సిలిన్ సూదులు పడాల."

"ఈ మడి లాగేసి పోతానమ్మా. మబ్బు పట్టింది. వానొస్తే కష్టమంతా కరిగిపోద్ది."

"ఉప్పు మళ్ళా పండుద్దన్నా," అంది రెబెక్కమ్మ.

ఆయన తలూపాడు. ఎదురు చెప్పడం చేతకాని మనిషి. పని ఆపడమూ చేతకాదు. మధ్యాహ్నం దాకా లాగి, కుప్ప మీద తాటాకులు కప్పాడు. పాపం, తన ఒంటి మీద కంటే ఉప్పు మీద దయ ఎక్కువ ఆయనకు.

బండెక్కేటప్పుడు కాలు లేవలేదు. నాగులమ్మ ఎత్తి పెట్టింది.

"చలిగా ఉండాదిమే," అన్నాడు దారిలో. ఆమె కొంగు కప్పింది. పొద్దువాలే వేళకు ఆసుపత్రి ముందు దింపితే ఊపిరి లేదు. డాక్టరు కాలు చూసి, పొద్దునంతా ఏం చేస్తున్నారని మాత్రం అడిగాడు.

వాన రానే లేదు. మర్నాటి ఎండకు మడి ఆరింది. అడుగు బురదలో ఆయన నడిచిన గుర్తులు మిగిలాయి: కుడిపాదం పూర్తిగా దిగింది, ఎడమపాదానివి వేళ్ళు మాత్రమే, వాటిలో సన్నగా ఉప్పు పేరుతోంది.