గుండుసూది గుచ్చని ఇల్లు

గెనోవెఫా పియెరోగీ కజ్జికాయల్లో క్యాబేజీ కూరి అంచులు నొక్కుతుంటే, భర్త లుత్సియన్ వచ్చి ఆమె కుట్టుపెట్టెలోంచి ఇంకో గుప్పెడు ఎర్రతలల గుండుసూదులు పట్టుకుపోయాడు. అడగలేదు. అడగాలని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

బయట అడిలైడ్ నగరపు డిసెంబరు వేసవి ఎండ మండిపోతోంది. క్రిస్మస్ ముందురోజు విందుకు పన్నెండు వంటకాలు, సగానికి పైగా పొయ్యి మీదే ఉడకాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ ముందుగదిలో ఆయన కోసం తిరుగుతోంది. ఆయన పోలిష్ క్లబ్బు కార్యదర్శి. ఊళ్ళో తమవాళ్ళు ఎందరు, ఏ పేటలో ఎంతమంది అని చూపే ఊరి పటం ఒకటి క్లబ్బు గోడకు తగిలించడానికి తయారుచేస్తున్నాడు. ఇంటికో సూది.

"ఇదిగో గెన్యా, వుడ్‌విల్‌లో మనవాళ్ళు ఎలా కిక్కిరిసి ఉన్నారో చూడు!"

పిండిచేతులతోనే వెళ్ళి చూసింది. కొడుకు రోమెక్ ఇంటికి సూది ఉంది. సాలిస్‌బరీలో కూతురి ఇల్లున్న చోటు బోసిగా ఉంది.

"దోరోతా ఏదీ?"

"దాని ఇంటిపేరు ఇప్పుడు ట్రాన్ కదా. వియత్నాం వాళ్ళ పటంలో గుచ్చుకుంటార్లే," అని నవ్వాడు.

"దాని పిల్లలు నాతో పోలిష్‌లోనే కబుర్లాడతారు. రోమెక్‌కి రెండు ముక్కలు రావు."

"ఇంటిపేరును బట్టే లెక్క. నీకెందుకీ గొడవ? పొయ్యి మీదేదో మాడుతున్నట్టుంది, చూసుకో."

ఏదీ మాడలేదు. అయినా అలవాటుగా వెళ్ళి గరిటె తిప్పింది. అత్తగారూ ఇంతే, మగపిల్లాడితోనే పేరు నిలుస్తుందనేది. నిలిచింది, సరే. మరి మన పాటలూ వంటలూ నిలిపిందెవరు? చిన్నప్పుడు రోమెక్ టీవీ ముందు కూర్చుని తింటుంటే, దోరోతా పీట మీద నిలబడి తనతో పాటు పిండి మడత పెట్టింది. ఇవాళ్టికీ ఎండు పుట్టగొడుగులు ఎంతసేపు నానబెట్టాలో ఫోన్ చేసి అడిగేది అదే. తమవాళ్ళుగా బతికేవాళ్ళు ఆ ఇంట్లో ఉంటే, ఈయనేమో పేరు మాత్రమే మిగిలిన ఇళ్ళకు సూదులు గుచ్చుతున్నాడు. ఆమెకు కోపం కన్నా సిగ్గే ఎక్కువగా వేసింది, ఇన్నాళ్ళూ సూదులు అందించింది తనే కదా అని. బల్ల మీద ఖాళీ కంచం కనిపించింది. అనుకోకుండా వచ్చే బాటసారి కోసం ఏటా ఒకటి అదనంగా పెట్టడం ఆచారం. ఎవరూ రారు. పెట్టేదీ, తీసి కడిగేదీ ఆమే.

దోరోతాకు ఫోన్ చేసింది. గిన్నెలన్నీ మూతలు బిగించి కారులో సర్దింది. తర్వాత పటం దగ్గరకు వచ్చి, తమ ఇంటి సూది పీకి సాలిస్‌బరీలో గుచ్చింది.

"అది మన ఇంటి సూది! ఏం చేస్తున్నావ్?"

"రాత్రి విందు దోరోతా వాళ్ళింట్లో. వంటలన్నీ కారెక్కాయి."

"మరి నా సంగతి?"

గెనోవెఫా తాళాలు తీసుకుంది.

"అక్కడా ఒక కంచం అదనంగా పెడతాం లుత్సియన్. దారినపోయేవాళ్ళెవరైనా రావచ్చు. నువ్వూ రా."